నమ్మని గ్రంథానికి వారసులం కాగలమా?

దేవుణ్ణి నమ్మని మనిషి మతగ్రంథాన్ని ఎందుకు చదవాలి? విమర్శించడానికి చదవొచ్చు. చరిత్ర తెలుసుకోవడానికి చదవొచ్చు. ఈ రెండింటినీ ఎవరూ పెద్దగా తప్పుపట్టరు. కానీ 'ఇది నాది' అనుకుని చదవడం సంగతేమిటి? ప్రార్థన చెయ్యను, ఆజ్ఞలు పాటించను, అయినా ఈ పుస్తకంలో నాకూ వాటా ఉంది అనడం న్యాయమేనా? భక్తులకి అది దొంగతనంలా కనిపిస్తుంది. హేతువాదులకి దొడ్డిదారిన మతంలోకి తిరిగి పోవడంలా కనిపిస్తుంది. స్త్రీలం కాబట్టి మనకి మూడో ప్రశ్న కూడా ఉంది. మనల్ని గడప దాటనివ్వని గ్రంథం అసలు మనది ఎప్పుడయింది, తిరిగి తీసుకోవడానికి?

ఇజ్రాయెల్‌లోనూ అమెరికాలోనూ లౌకిక యూదులు కొందరు ముప్ఫై ఏళ్లకి పైగా ఈ ప్రశ్నల మధ్యే కూచుని తాల్ముద్ చదువుతున్నారు. వాళ్లలో చాలామంది సబ్బాతు పాటించరు, తిండి నియమాలు లెక్కచెయ్యరు. కానీ ఇద్దరిద్దరుగా కూచుని పదిహేను వందల ఏళ్లనాటి వాదనల్ని వాక్యం వాక్యం విప్పుకుంటారు. ఒకరు చదువుతుంటే రెండోవాళ్లు అడ్డుపడి ప్రశ్నిస్తారు. ఈ జంట చదువుని హెవ్రుతా అంటారు.

వాళ్ల సంగతి నాకెందుకు పట్టిందో చెప్పాలి. నేను పాతికేళ్లు ప్రాచీన తెలుగు సాహిత్యం పాఠం చెప్పిన నాస్తికురాలిని. పోతన భాగవతం చెప్తున్నప్పుడు ఎవరో ఒక అమ్మాయి అడుగుతూనే ఉండేది, "మీరు దేవుణ్ణి నమ్మరు కదా మేడమ్, మరి ఈ పద్యం చదివేటప్పుడు మీ గొంతు ఎందుకలా మారుతుంది?" అని. సాహిత్య విలువ అన్న మాట ఆ ప్రశ్నకి సగం జవాబే. మిగతా సగం కోసం వెతుకుతూ నేను ఈ యూదు పాఠకుల దగ్గరికి చేరాను. నాకు హీబ్రూ రాదు, అరమాయిక్ రాదు. 2017లో సెఫారియా అనే ఉచిత గ్రంథాలయం స్టైన్‌సాల్ట్జ్ వ్యాఖ్యతో కూడిన ఇంగ్లీషు అనువాదాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. నా చదువంతా ఆ అనువాదం మీదే. అంటే ఆ ఇంటికి నేను పూర్తిగా బయటిదాన్ని.

తాల్ముద్ అంటే మనం మామూలుగా ఊహించుకునే మతగ్రంథం కాదు. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసూత్రాల సంపుటి, దాని మీద తరతరాలుగా సాగిన చర్చ, ఈ రెండూ కలిస్తే తాల్ముద్. బాబిలోనియాలో తయారైన తాల్ముద్‌లో 2,700 ఆకులకి పైగా ఉన్నాయి. ఎద్దు పొడిస్తే నష్టపరిహారం ఎంత అన్న దగ్గర్నుంచి దేవదూతల కబుర్ల దాకా అన్నీ ఉంటాయి అందులో. ఓడిపోయిన వాదనని కూడా చెరిపెయ్యకుండా, ఎవరన్నారో పేరుతో సహా దాచిపెట్టడం దాని అలవాటు. హలాఖా అంటే ఆచరించాల్సిన చట్టం. అగ్గదా అంటే కథ, కల్పన, నీతి. రెండూ ఒకే పేజీలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి.

2013 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ పార్లమెంటులో కొత్తగా ఎన్నికైన రూత్ కాల్డెరాన్ తన మొదటి ప్రసంగానికి తాల్ముద్ సంపుటం ఒకటి చేతపట్టుకుని వేదికెక్కింది. ఆమె టెల్ అవీవ్‌లో లౌకిక వాతావరణంలో పెరిగిన మనిషి. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో తాల్ముద్ మీద డాక్టరేట్ చేసింది. మతస్థులూ లౌకికులూ, స్త్రీలూ పురుషులూ కలిసి చదువుకునేందుకు 1989లో జెరూసలేంలో ఎలుల్ అనే అధ్యయన కేంద్రాన్ని స్థాపించినవాళ్లలో ఆమె ఒకరు. 1996లో టెల్ అవీవ్‌లో అల్మా అనే సంస్థ పెట్టింది. చేతిలో ఉన్నది తాతగారి నుంచి వచ్చిన ప్రతి కాదని ముందే చెప్పి, ఆ రోజు పార్లమెంటులో పాఠం మొదలుపెట్టింది.

ఆమె ఎంచుకున్నది రబ్బీ రెహూమీ కథ. మహోజా అనే ఊళ్లో గురువు దగ్గర చదువుకునేవాడు. ఏడాదికోసారి, యోమ్ కిప్పుర్ ముందురోజు ఇంటికి వచ్చేవాడు. ఒక ఏడు చదువులో పడి మర్చిపోయాడు. ఇదిగో వస్తాడు, ఇదిగో వస్తాడు అని భార్య ఎదురుచూసింది. రాలేదు. ఆమె కంట్లోంచి ఒక్క బొట్టు రాలింది. అదే సమయానికి ఎక్కడో ఒక కప్పు మీద కూచుని చదువుకుంటున్న అతని కింద ఆ కప్పు కూలింది. చనిపోయాడు. కథ అంతే. రెహూమీ అన్న పేరుకి మూలధాతువు ప్రేమ. అధ్యక్షస్థానంలో ఉన్న షాస్ పార్టీ సభ్యుడు మధ్యలో కల్పించుకుని ఆ వ్యాఖ్యానానికి తనదీ ఒక మాట చేర్చాడు. షాస్ తన అభ్యర్థుల జాబితాలో స్త్రీలకి చోటివ్వని మతపార్టీ. ఆ పార్టీ మనిషి ఒక స్త్రీ చెప్తున్న తాల్ముద్ పాఠంలో విద్యార్థిలా పాలుపంచుకోవడం చాలామందిని కదిలించింది.

నన్ను కదిలించింది మాత్రం ఆ తర్వాత పుట తిరగేసినప్పుడు కనిపించిన విషయం. ఈ కథ ఉన్నది కెతుబోత్ అనే భాగంలో. చదువు పేరుతో భర్త భార్యని వదిలి ఎంతకాలం ఉండొచ్చు అన్నది అక్కడి చట్టచర్చ. కొద్ది దూరంలోనే రబ్బీ అకీవా కథ ఉంది. ఆయన పన్నెండేళ్లు వెళ్ళి, తిరిగొచ్చి, గుమ్మం బయటి నుంచే భార్య మాట విని మళ్లీ పన్నెండేళ్లు వెళ్ళిపోయాడు. చివరికి ఇరవైనాలుగు వేలమంది శిష్యులతో వచ్చి, నా చదువూ మీ చదువూ ఈమెదే అన్నాడు. అందరికీ తెలిసిందీ, ఆదర్శంగా చెప్పుకునేదీ అకీవా కథే. మన ఊర్మిళని పద్నాలుగేళ్లు నిద్రపుచ్చి త్యాగమూర్తిని చేసినట్టే అక్కడా చేశారు. కానీ త్యాగాన్ని మెచ్చుకునే కథ పక్కనే, త్యాగం చెయ్యలేక కన్నీరు పెట్టుకున్న ఆడమనిషి కథని కూడా ఆ గ్రంథం ఉంచింది. చెరపలేదు. అకీవా కథే చెప్పుకుంటూ వచ్చినవాళ్లకి గుర్తుచెయ్యడానికి ఆ పుట దాకా వెళ్ళి చదివేవాళ్లు కావాలి.

లౌకికులు చదవకపోతే ఏం జరుగుతుందో చెప్పే పాత సంఘటన ఒకటుంది. 1952 అక్టోబరులో ప్రధాని బెన్ గురియన్ బ్నేయ్ బ్రాక్ వెళ్ళి హజోన్ ఈష్ అనే మహాపండితుణ్ణి కలిశాడు. అప్పటి వివాదం అమ్మాయిల్ని సైనిక సేవకో జాతీయ సేవకో తీసుకోవచ్చా అన్నది. ఆ అమ్మాయిలెవరూ ఆ గదిలో లేరని వేరే చెప్పక్కర్లేదు. ఇరుకు దారిలో రెండు ఎదురుపడితే ఖాళీగా ఉన్నది తప్పుకుని బరువున్నదానికి దారివ్వాలన్న తాల్ముద్ మాటని ఆ పండితుడు గుర్తుచేశాడని చెప్తారు. అప్పట్నుంచీ 'ఖాళీ బండి' అన్నది లౌకిక యూదుల మీద పడ్డ ముద్ర అయిపోయింది. మీ దగ్గరేముంది, మీరు తప్పుకోండి అని అర్థం.

ఆ మాటకి మూలం సన్హెద్రీన్ అనే భాగంలో ఉంది. అక్కడున్నవి బండ్లు కావు, పడవలూ ఒంటెలూ. తెరిచి చదివితే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ఇద్దరి స్థితీ ఒకటే అయినప్పుడు రాజీ కుదుర్చుకోవాలి, ముందు వెళ్ళినవాళ్లు ఆగినవాళ్లకి పరిహారం ఇవ్వాలి అంటుంది అక్కడి చర్చ. సగం చెప్పి ఆపేస్తే అది ఆధిపత్యానికి ఆయుధం, పూర్తిగా చదివితే న్యాయం గురించిన ఆలోచన. చదవడం మానేసినవాళ్లకి ఎదుటివాళ్లు ఎంత చెప్తే అంతే గ్రంథం. ఈ ఒక్క కారణమే చాలు, నమ్మనివాళ్లు కూడా చదవాలి అనడానికి.

ఈ తిరిగి చదవడం నిన్న మొన్నటిది కాదు. దాదాపు క్రైస్తవంలోకి మారబోయి ఆగిన ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ 1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్వేచ్ఛా యూదు విద్యాలయం నెలకొల్పాడు. గ్రంథం నుంచి జీవితంలోకి కాక, జీవితం నుంచి, దూరమైన చోటు నుంచి గ్రంథంలోకి నడవాలన్నాడు. అంతకుముందే ఒడెస్సాలో కవి బియాలిక్, రవ్నిత్స్కీ కలిసి తాల్ముద్‌లోని కథలన్నీ ఏరి, అరమాయిక్‌లో ఉన్నవాటిని హీబ్రూలోకి తెచ్చి, 1908 నుంచి 1911 వరకు సంపుటాలుగా వేశారు. లౌకిక ఇళ్లలోకి కథలొచ్చాయి, చట్టం గుమ్మం బయట ఉండిపోయింది. 1917లో ఆ బియాలిక్కే ఒక వ్యాసం రాసి, కథ ఒక్కటే చాలదు, బాధ్యతలోకి దిగని సౌందర్యం గాలిలో తేలిపోతుంది అని వాదించాడు. అందమైన పేజీలు ఏరుకునే అలవాటు మీద వచ్చిన మొదటి గట్టి విమర్శల్లో ఒకటి ఆ ఏరినవాడి దగ్గర్నుంచే వచ్చింది.

ఇక స్త్రీల సంగతి. రబ్బీ ఎలియేజెర్ అనే మహాపండితుడు కూతురికి తోరా నేర్పడమంటే నీతిమాలినతనం నేర్పడమేనన్నాడు. బెన్ అజ్జాయ్ కూతురికి నేర్పి తీరాలన్నాడు. రెండూ మిష్నాలో ఒకేచోట ఉన్నాయి. శతాబ్దాల పాటు చాలాచోట్ల చెల్లింది మొదటి మాట. తాల్ముద్‌లో చదువుకున్న స్త్రీగా పేరుపొందిన బెరూరియాని లోద్ ఊరికి దారేదని ఒక రబ్బీ అడిగితే, ఆడదానితో ఎక్కువ మాట్లాడకూడదని మీ పండితులే అన్నారు కదా, ఇన్ని మాటలెందుకు, రెండు తక్కువ వాడలేకపోయావా అని ఎకసెక్కెం చేసింది. వాళ్ల నియమంతో వాళ్లనే కొట్టింది. ఆ చమత్కారాన్ని కూడా గ్రంథం దాచింది. కానీ 11వ శతాబ్దంలో రషీ అనే వ్యాఖ్యాత, తాల్ముద్ 'బెరూరియా ఉదంతం' అని ఒక్క మాటతో వదిలేసిన చోట ఒక కథ చెప్పాడు. భర్తే ఆమె శీలాన్ని పరీక్షించడానికి శిష్యుణ్ణి ఉసిగొల్పాడట, ఆమె లొంగిపోయి ఉరేసుకుందట. చదువుకున్న ఆడదానికి పట్టే గతి ఇదీ అని చెప్పడానికి మూలగ్రంథంలో లేని కథ కావలసి వచ్చింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇమా షాలోమ్. ఆమె గురించి ఒక ప్రసిద్ధ కథ చివర్లో ఉంటుంది. ఒక పొయ్యి శుద్ధమా అశుద్ధమా అన్న వాదనలో రబ్బీ ఎలియేజెర్ ఒక్కడూ ఒకవైపు. ఆయన కోసం చెట్టు లేచి దూరంగా పడింది, కాలువ వెనక్కి పారింది, చివరికి ఆకాశవాణి కూడా ఆయనదే సరైందంది. తోరాని మనుషులకి ఇచ్చేశాక ఆకాశానికి ఇందులో ఓటు లేదని మిగతావాళ్లు తేల్చారు. నా పిల్లలు నన్ను ఓడించారని దేవుడు నవ్వాడట. లౌకికులకి ఎంతో ఇష్టమైన కథ ఇది. మానవ వివేకానికి జయం అని ఇక్కడ ఆపేస్తారు.

కథ అక్కడ ఆగదు. గెలిచినవాళ్లు ఎలియేజెర్‌ని వెలివేశారు. ఆయన భార్యే ఇమా షాలోమ్. వెలివేసిన సభకి పెద్ద గమ్లియేల్ ఆమె సొంత అన్నదమ్ముడు. భర్త నేలకి వాలి తన గుండెకోత దేవుడికి చెప్పుకుంటే తోడబుట్టినవాడు బతకడని ఆమెకి తెలుసు. అందుకని రోజూ భర్తని కనిపెట్టుకుని, అలా వాలకుండా చూసింది. ఒకరోజు గుమ్మంలోకి బిచ్చగాడు వచ్చాడని, రొట్టె ఇచ్చి వచ్చేలోగా భర్త నేలకి వాలి ఉన్నాడని ఒక కథనం. లే, నా తోడబుట్టినవాణ్ణి చంపేశావు అంది. అప్పుడే మరణవార్త వినిపించింది. నీకెలా తెలుసని భర్త అడిగాడు. అన్ని తలుపులూ మూసుకుపోయినా మాటలతో గాయపడినవాళ్ల మొర వెళ్ళే తలుపు మాత్రం మూసుకోదని మా తాతగారింటి నుంచి నాకు అందింది అని చెప్పింది.

కూతుళ్లకి చదువు చెప్పకూడదన్న ఆ ఎలియేజెరే ఈమె భర్త. తనకి తెలియనిది ఆయన ఆ రోజు భార్య దగ్గర వినవలసి వచ్చింది. ఆమెకి ఒక పరంపర ఉంది. పుట్టింటి నుంచి వచ్చిన జ్ఞానం ఉంది. పైగా ఈ మొత్తం కథ వచ్చింది పొయ్యిల శుద్ధి గురించిన చర్చలో కాదు, మాటలతో మనుషుల్ని నొప్పించడం ఎంత పెద్ద నేరమో చెప్పే చర్చలో. వాదనలో గెలవడం కాదు, గెలిచాక ఓడినవాణ్ణి ఏం చేశామన్నది అక్కడి ప్రశ్న. మధ్యలో ఆపేసే పాఠకుడు లౌకికుడైనా భక్తుడైనా ఆ స్త్రీ మాటని కోసేసినట్టే. స్త్రీలకి ఈ గ్రంథం ఎప్పుడు సొంతమైంది అన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇదే. చదువుల గదిలోకి రానివ్వలేదు గానీ, లోపలి జ్ఞానంలో వాళ్ల వాటా ఎప్పుడూ ఉంది. 2009లో ఇజ్రాయెల్ స్త్రీలు కొందరు కలిసి 'దిర్షూనీ' అనే సంకలనంలో ప్రాచీన పండితుల శైలిలోనే కొత్త వ్యాఖ్యాకథలు రాశారు. ఆ వాటాని ఇప్పుడు వాళ్లు రాతలో పెడుతున్నారు.

అయినా ఒక అభ్యంతరం మిగిలే ఉంటుంది. ఇంత అవస్థ ఎందుకు, ఆ పుస్తకాన్ని వదిలేస్తే పోదా అని. ఇజ్రాయెల్‌లో వదిలేసినా అది స్త్రీలని వదలదు. 1953 చట్టం ప్రకారం అక్కడ యూదుల పెళ్లి, విడాకులు రబ్బీల న్యాయస్థానాల చేతుల్లో ఉన్నాయి. సైప్రస్ వెళ్ళి పౌరవివాహం చేసుకొచ్చిన నాస్తిక దంపతులు సైతం విడాకులకి ఆ గడపే ఎక్కాలి. భర్త తన ఇష్టంతో 'గెట్' అనే విడాకుల పత్రం ఇస్తేనే భార్యకి విముక్తి. స్త్రీ ఇష్టం ఉన్నా లేకున్నా విడాకులివ్వొచ్చు, పురుషుడు మాత్రం ఇష్టపడితేనే ఇస్తాడు అన్నది మిష్నా సూత్రం. పత్రం ఇవ్వని భర్త వల్ల ఏళ్ల తరబడి ఇరుక్కుపోయిన స్త్రీని అగునా, అంటే కట్టివేయబడినది అంటారు. అలాంటి భర్తల మీద ఆంక్షలు పెట్టడానికి 1995లో చట్టం వచ్చింది. 1990ల నుంచి స్త్రీలు అక్కడ వాదించడానికి శిక్షణ పొందుతున్నారు. తీర్పు చెప్పే పీఠం మీద మాత్రం ఇప్పటికీ పురుషులే.

ఆ సూత్రం కూడా రాతిమీద గీత కాదు. సుమారు క్రీ.శ. 1000 ప్రాంతంలో మైంట్స్ నగరంలో రబ్బేను గెర్షోమ్, భార్య సమ్మతి లేకుండా విడాకులివ్వకూడదని కట్టడి చేశాడు. అంటే సగం మార్చారు, మిగతా సగం మార్చలేదు. మార్చగలిగిందేనని తెలియాలంటే చదవాలి.

తండ్రి ఆస్తి తీసుకున్నవాడు తండ్రి అప్పు తీర్చాలన్నది మన ఊళ్లలో ఎవరూ నేర్పనక్కర్లేని న్యాయం. గ్రంథానికి వారసత్వం కూడా అంతేనని నేననుకుంటాను. రెహూమీ కథ నాది అన్నవాళ్లకి విడాకుల సూత్రం కూడా తమదే. బైబిల్ విషయంలో ఈ అప్పు మరీ భారం. 1937లో బెన్ గురియన్ పీల్ కమిషన్ ముందు బైబిలే మాకు అధికారపత్రమని చెప్పాడు. ఆజ్ఞలు పాటించని మనిషి గ్రంథాన్ని భూమి పట్టాగా చూపించాడు. 2023 అక్టోబరులో గాజా యుద్ధ సమయాన ప్రధాని నెతన్యాహూ అమాలేకీయులు చేసినది గుర్తుంచుకోమనే వచనాన్ని ఎత్తుకున్నాడు. ఆ తెగని పసిపిల్లలతో సహా నిర్మూలించమని అదే గ్రంథంలో మరోచోట ఉంది. ఆయన కూడా మతనిష్ఠ ఉన్న మనిషి కాదు. కాబట్టి లౌకికులు చదివితే చాలు గ్రంథం మానవీయమైపోతుందని నేను నమ్మను. 'ఇది నాది' అన్న మాట 'దీనికి నేను జవాబుదారీ' అన్న అర్థంలో రాకపోతే, అది ఇంకొకరి ఇంటిని ఆక్రమించడానికే పనికొస్తుంది.

ఇదంతా మనకి కొత్తది కాదు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని వెలికితీసి అచ్చువేసినప్పుడు ఆమె చేసింది వారసత్వ ప్రకటనే. రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' రాస్తే, ఓల్గా 'విముక్త'లో సీతకి ఇతర స్త్రీలతో స్నేహం కల్పించింది. ఒకరు అప్పుల చిట్టా విప్పారు, ఒకరు ఆస్తిలో స్త్రీల వాటా వెతికారు. ఈ ఇద్దర్నీ ఎదురుబొదురుగా నిలబెట్టి ఎవరిది సరైన స్త్రీవాదమని మనం చాలా కాలం వాదించుకున్నాం. ఇద్దరూ క్షుణ్ణంగా చదివినవాళ్లు అన్న సంగతికి ఆ వాదనలో చోటు తక్కువైంది. 1927లో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన అంబేద్కర్ కూడా ఆ గ్రంథాన్ని చదివి తగలబెట్టినవాడే. అలాంటి గ్రంథాన్ని 'తిరిగి తీసుకో' అని ఎవరికీ చెప్పే హక్కు మనకి లేదు. కాల్చడం కూడా ఒక పాఠకుడి తీర్పే.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 1980ల చివరి నుంచి కొన్ని మాదిగ కుటుంబాలు తమని బెనె ఎఫ్రాయిం అనే యూదులుగా చెప్పుకుంటున్నాయి. టెల్ అవీవ్‌లో లౌకిక స్త్రీకి తాల్ముద్ పుట్టుకతో వచ్చి చేజారిన సొత్తు. చేబ్రోలులో తెలుగు మాట్లాడే యూదు స్త్రీకి హీబ్రూ గ్రంథం, ఊరు ఇవ్వని గౌరవాన్ని అడిగే తావు. 'తిరిగి తీసుకోవడం' అన్న ఒక్క మాట వీళ్లిద్దరికీ సరిపోదు.

మరి ఎవరు వారసులు? రక్తం వల్లనో, భక్తి వల్లనో, ముత్తాత అలమర వల్లనో వారసులవరని నా అభిప్రాయం. పుటని చివరిదాకా చదివి, అందులో ఉన్న అన్యాయానికి పూచీ తీసుకున్నవాళ్లు వారసులు. తాతగారి ప్రతి లేని కాల్డెరాన్ అలా వారసురాలు కావచ్చు. పండితుల ఇంట పుట్టినవాడు కాకుండా పోవచ్చు. ఇక ఆ పూచీ నిజమా కాదా అని పరీక్షించే చోటు అధ్యయన కేంద్రం కాదు, పార్లమెంటు వేదికా కాదు. విడాకుల పత్రం కోసం పదేళ్లుగా తిరుగుతున్న ఒక స్త్రీ రేపు రబ్బీల న్యాయస్థానం మెట్లెక్కుతుంది. ఈ చదువంతా ఆమెకి ఏమన్నా పనికొచ్చిందా అన్నదే లెక్క.